తట్టడం వేరు, తోయడం వేరు: పోర్ట్ స్కానింగ్ కథ

ఈసారి చరిత్ర రాస్తున్నాను. రాజుల చరిత్ర కాదు. నల్ల తెర మీద ఒక కమాండ్ కొట్టి, ఇంకో కంప్యూటర్‌లో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూస్తారు కదా, దాన్ని పోర్ట్ స్కానింగ్ అంటారు. దాని చరిత్ర. నేను ఇక్కడ జార్జియాలో కాలేజీలో నెట్‌వర్కింగ్ చదువుతున్నాను. తెలుగు మాత్రం ఇంట్లో విని, పుస్తకాలు చూసి నా అంతట నేను నేర్చుకుంటున్నది. ఈ రెండూ ఒక్కచోట కలపాలని చాలా రోజులుగా ఉంది.

టెక్నికల్ మాటలకు భయపడకండి. ఈ పోస్టుకి కావలసిన తెలుగు మాటలు కొన్నే: తలుపు, గడియ, తట్టడం, తోయడం. తట్టడం అంటే వేళ్ళతో కొట్టి లోపలివాళ్ళని పిలవడం. తోయడం అంటే చేత్తో నెట్టి తెరవబోవడం. పోర్ట్ స్కాన్ గురించి ఇంగ్లీషులో వాదించేవాళ్ళు ఎక్కువగా చెప్పే పోలిక ఇంకొకటి: వీధిలో నడుస్తూ ప్రతి ఇంటి తలుపు పిడీ తిప్పి చూడడం. అది తట్టడమా, తోయడమా? రెండూ కాదు, ఎక్కడో మధ్యలో ఉంది. మన ఊళ్ళ పాత తలుపులకి తిప్పే పిడి ఉండదు. గడియ ఉంటుంది, గొళ్ళెం ఉంటుంది. తట్టాలి, లేకపోతే తోయాలి. తెలుగులో ఆలోచించాక నాకు ఈ గొడవంతా ఎక్కడ మొదలవుతుందో కొంచెం అర్థమైంది.

ముందు పోర్టు అనే మాట. విశాఖపట్నంలో మా అమ్మమ్మ వాళ్ళకి పోర్టు అంటే ఓడలు ఆగే చోటు. మంచి తెలుగులో ఓడరేవు. నేను "పోర్టులు స్కాన్ చేస్తున్నా" అంటే అమ్మమ్మ ఏ కస్టమ్స్ ఆఫీసో అనుకుంది. కంప్యూటర్ పోర్టు మాత్రం రేవు కంటే తలుపుకే దగ్గర. ఒక్కో కంప్యూటర్‌కి 0 నుంచి 65535 వరకు నంబర్లు వేసిన తలుపులు ఉన్నాయనుకోండి. నంబర్ కోసం 16 బిట్లు కేటాయించారు కాబట్టి అన్నే. వెబ్‌సైట్ 80 లేదా 443 తలుపు వెనక ఉంటుంది. మెయిల్ 25 వెనక, పేర్లని చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ 53 వెనక. వెనక ఏ ప్రోగ్రామూ కూర్చుని లేకపోతే ఆ తలుపు మూసి ఉన్నట్టే.

ఇప్పుడు తట్టడం ఎలా జరుగుతుందో చూద్దాం. 1981 సెప్టెంబరులో వచ్చిన టీసీపీ పత్రంలో, అంటే ఆర్ఎఫ్‌సీ 793లో, ఈ మర్యాదలన్నీ రాసి ఉన్నాయి. మీరు ఒక చిన్న ప్యాకెట్ పంపుతారు, దాని పేరు సిన్. "ఉన్నారా, మాట్లాడొచ్చా?" అని అర్థం. లోపల ఎవరైనా ఉంటే సిన్-యాక్ వస్తుంది: "ఉన్నాను, మీరు వింటున్నారా?" మీరు యాక్ పంపుతారు: "వింటున్నాను." అప్పుడు మాట మొదలవుతుంది. లోపల ఎవరూ లేకపోతే కంప్యూటర్ ఆర్ఎస్‌టీ పంపుతుంది: "ఇక్కడ ఎవరూ లేరు, వెళ్ళండి." మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే చాలాసార్లు ఏ జవాబూ రాదు. ఈ మూడు జవాబులనే స్కానర్ మూడు మాటల్లో చెబుతుంది: తెరిచి ఉంది, మూసి ఉంది, ఫిల్టర్ అయింది. నేను మా ఇంటి నెట్‌వర్క్ మీద నడిపితే (రౌటర్ నాన్నది, ఆయన్ని అడిగే చేశాను) రౌటర్‌లో 53, 80, ప్రింటర్‌లో 631, 9100 తెరిచి కనిపించాయి. అంతకంటే గొప్ప రహస్యాలేమీ మా ఇంట్లో లేవు.

ఈ నంబర్లు ఎవరిచ్చారు? 1972 మే నెలలో, లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్ఏలో చదువుతున్న జాన్ పోస్టెల్ ఒక చిన్న పత్రం రాశారు. ఆర్ఎఫ్‌సీ 349. ఏ పనికి ఏ నంబరో అందరూ ఒకే లెక్క పాటిద్దాం, ఆ జాబితా ఒకరు చూసుకోవాలి అని అందులో ప్రతిపాదన. ఆ చూసుకునే మనిషి ఆయనే అయ్యారు. 1998 అక్టోబరులో చనిపోయేవరకు ఆ పని ఆయన చుట్టూనే తిరిగింది. ఆయనతో పాటు చాలా ఏళ్ళు జాయిస్ రేనాల్డ్స్ ఈ జాబితా చూశారు.

ఆ పాత నంబర్లలో ఒక తమాషా ఉంది. ఎఫ్‌టీపీ 21, టెల్నెట్ 23, మెయిల్ 25, ఫింగర్ 79. అన్నీ బేసి సంఖ్యలు. ఎందుకంటే టీసీపీకి ముందు అర్పానెట్‌లో ఉన్న ఎన్‌సీపీ అనే పద్ధతిలో ఒక దారిలో మాట ఒకవైపే వెళ్ళేది. పంపడానికి ఒకటి, వినడానికి ఒకటి, సరి-బేసి జంటగా రెండు సాకెట్లు కావాలి. 1983 జనవరి 1న టీసీపీకి మారాక ఒకటి చాలు. సరి సంఖ్యలు చాలావరకు ఖాళీగా మిగిలిపోయాయి. (సరి, బేసి అనే మాటలు తెలియకపోతే నేర్చుకోండి, లెక్కల క్లాసులో తప్ప ఎవరూ చెప్పరు.)

ఆ ఖాళీల్లో ఒకటి 22. 1995లో ఫిన్లాండ్‌లో టాటు యులొనెన్ అనే పరిశోధకుడి యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగతనంగా వింటున్నారని తెలిసింది. అప్పటి టెల్నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టు వైరు మీద వెళ్ళేది. ఆయన దాని బదులు ఎస్ఎస్‌హెచ్ రాశారు. 21కీ 23కీ మధ్యలో 22 ఖాళీగా ఉంది కదా అని, అది ఇవ్వమని ఈమెయిల్ రాశారు. జాయిస్ రేనాల్డ్స్ మర్నాడే ఇచ్చేశారు. ఇప్పుడు ప్రపంచంలో సర్వర్లని దూరం నుంచి నడిపేవాళ్ళు తట్టే తలుపు అదే. ఈ 22 మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

స్కాన్ అనే ఆలోచన మాత్రం ఇంటర్నెట్ కంటే ముందు టెలిఫోన్‌లో ఉంది. 1983లో వచ్చిన వార్‌గేమ్స్ సినిమాలో కుర్రాడు ఒక ఊరి ఫోన్ నంబర్లన్నిటికీ వరసగా డయల్ చేయిస్తాడు, ఎక్కడ మోడెమ్ పలుకుతుందో చూడడానికి. ఆ అలవాటుకి తర్వాత సినిమా పేరు మీదే వార్ డయలింగ్ అని పేరు వచ్చింది. తట్టడమే, కానీ ఒక ఊరంతా.

తోయడం ఎలా ఉంటుందో మాత్రం 1988 నవంబరు 2న అందరికీ తెలిసింది. కార్నెల్‌లో చదువుతున్న రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్ మెయిల్ ప్రోగ్రామ్‌లోంచి, ఫింగర్ ప్రోగ్రామ్‌లోంచి దూరింది, పాస్‌వర్డులు ఊహించి కూడా దూరింది. అప్పటి అంచనా సుమారు 6,000 కంప్యూటర్లు. 1986లో చేసిన అమెరికా కంప్యూటర్ మోసాల చట్టం కింద శిక్ష పడిన కేసుల్లో అది బాగా పేరు పడ్డది: మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, పదివేల డాలర్ల పైన జరిమానా. ఆ చట్టంలో "అనుమతి లేకుండా ప్రవేశించడం" అన్న మాటలు ఉన్నాయి. ప్రవేశించడం అంటే ఏమిటో తేల్చుకోవడానికి మిగతా వాళ్ళందరూ ఇంకా కొట్టుకుంటున్నారు.

1995లో స్కానర్లు బయటికి వచ్చాయి. అదే ఏడాది జూలియన్ అసాంజ్, అవును ఆ అసాంజే, స్ట్రోబ్ అనే వేగమైన పోర్ట్ స్కానర్ రాశారు. కానీ పెద్ద గోల చేసింది ఏప్రిల్ 5న వచ్చిన శాటన్. డాన్ ఫార్మర్, వీట్సే వెనెమా కలిసి రాశారు. నెట్‌వర్క్ చూసుకునేవాళ్ళు తమ లోపాలు తామే కనుక్కోవాలని వాళ్ళ ఉద్దేశం. దొంగల చేతికి ఆయుధం ఇస్తున్నారని పేపర్లు భయపడ్డాయి. ఫార్మర్ అప్పుడు పనిచేస్తున్న కంపెనీ నుంచి బయటికి రావలసి వచ్చింది. సైతాను పేరు నచ్చనివాళ్ళ కోసం రిపెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా లోపలే పెట్టారు. అది నడిపితే ఇంగ్లీషు అక్షరాలు తారుమారై పేరు శాంటా అవుతుంది, క్రిస్మస్ తాత! భయపడినంత ప్రళయం రాలేదు.

ఇక్కడి నుంచి తట్టడంలో తెలివి పెరిగింది. ఈ భాగం నాకు అన్నిటికంటే ఇష్టం, కొంచెం నెమ్మదిగా చెబుతాను.

మామూలు స్కాన్‌లో మూడు అడుగులూ పూర్తవుతాయి, కాబట్టి లోపలి ప్రోగ్రామ్ తన లాగ్‌లో మీ చిరునామా రాసుకుంటుంది. దీన్ని తప్పించడానికి సగం తట్టే పద్ధతి వచ్చింది. సిన్ పంపుతారు. లోపల నుంచి "ఉన్నాను, ఎవరది?" అని వినపడగానే ఆర్ఎస్‌టీ పంపి పారిపోతారు. చిన్నప్పుడు బెల్లు కొట్టి పరిగెత్తిన పిల్లలందరికీ ఇది తెలిసిన టెక్నిక్కే. మాట పూర్తిగా మొదలు కాలేదు కాబట్టి ఆ కాలపు ప్రోగ్రాములు చాలావరకు రాసుకునేవి కావు.

తర్వాత ఫైర్‌వాల్స్ సిన్ ప్యాకెట్లనే ఆపడం మొదలుపెట్టాయి. అప్పుడు 1996 నవంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రిక 49వ సంచికలో ఉరియెల్ మైమోన్ ఒక వ్యాసం రాశారు: సిన్ లేకుండానే స్కాన్ చేయడం ఎలా అని. ఆయన వాడింది ఫిన్ ప్యాకెట్. ఫిన్ అంటే మాట ముగించేటప్పుడు చెప్పేది. మన భాషలో "సరే, వెళ్ళొస్తానండీ." అసలు లోపలికి వెళ్ళనే లేదు, ఎవరితోనూ మాట్లాడలేదు, గుమ్మం ముందు నిలబడి "వెళ్ళొస్తానండీ" అంటారన్నమాట! ఆర్ఎఫ్‌సీ 793 ప్రకారం మూసిన పోర్టు దీనికి "ఎవరు నువ్వు?" అన్నట్టు ఆర్ఎస్‌టీ పంపాలి. తెరిచిన పోర్టు ఏమీ అనకుండా వదిలేయాలి. అంటే మౌనం వస్తే ఇంట్లో మనిషి ఉన్నట్టు. విండోస్ ఈ నియమం సరిగ్గా పాటించదు, తెరిచినా మూసినా ఆర్ఎస్‌టీయే పంపుతుంది. నియమం తప్పడం వల్ల ఒక దొంగచూపు తప్పింది. (అమ్మ ఎప్పుడూ "వెళ్తున్నా అనకు, వెళ్ళొస్తా అను" అంటుంది. ఫిన్‌ని అనువదించడానికి నాకు వేరే మాట దొరకలేదు.)

1997 సెప్టెంబరు 1న అదే ఫ్రాక్ 51వ సంచికలో "ఫ్యొదోర్" అనే పేరుతో ఇంకో వ్యాసం వచ్చింది. అసలు పేరు గార్డన్ లయన్. కలం పేరు రష్యన్ రచయిత ఫ్యొదోర్ దస్తయేవ్‌స్కీ నుంచి తీసుకున్నారు. అప్పటికి స్కానర్లు చాలా ఉన్నాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో విద్యే వచ్చు. ఒకటి వేగం, ఒకటి రహస్యం, ఇంకొకటి ఫిన్. ఆయన అన్నిటినీ ఒకే ప్రోగ్రామ్‌లో పెట్టారు. సుమారు 2,000 లైన్ల సి కోడ్. పత్రికలోనే అచ్చు వేశారు, చదివినవాళ్ళు కాపీ చేసి ఒక్క కమాండ్‌తో కంపైల్ చేసుకోవచ్చు. దాని పేరు ఎన్‌మ్యాప్. వెర్షన్ నంబర్ కూడా లేదు, ఎందుకంటే రెండో వెర్షన్ తెచ్చే ఆలోచనే లేదు. జనం ఊరుకోలేదు. కోడ్ సరిచేసి పంపారు, ఇంకా కావాలన్నారు. ఇవాళ్టికీ వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. నా క్లాసులో మొదటి వారం నేర్పిన కమాండ్ ఇదే.

1998 అక్టోబరులో ఆయన ఇంకో అడుగు వేశారు. ఒకే ప్రశ్నకి ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ జవాబిచ్చే తీరు కొంచెం వేరుగా ఉంటుంది. ఫిన్‌కి విండోస్ వేరుగా ఎలా పలికిందో చూశాం కదా, అలాంటివి ఎన్నో. వాటిని కలిపి చూస్తే అవతల ఉన్నది లైనక్సా, విండోసా, సోలారిసా చెప్పేయొచ్చు. యాస విని ఏ జిల్లావాళ్ళో చెప్పినట్టు. మా నాన్న ఫోన్‌లో రెండు మాటలు విని "ఈయనది శ్రీకాకుళం" అనేస్తారు, అదీ ఇదీ ఒకటే విద్య.

అదే 1998 చివర్లో ఇటలీ నుంచి సాల్వటోరే సాన్‌ఫిలిప్పో ఒక పద్ధతి చెప్పారు. (తర్వాత రెడిస్ డేటాబేస్ రాసింది ఈయనే.) మీ పేరు ఎక్కడా కనపడకుండా స్కాన్ చేయడం. పక్కింట్లో ఖాళీగా కూర్చున్న కంప్యూటర్ ఒకటి ఉంది. అది పంపే ప్రతి ప్యాకెట్ మీద వరస నంబర్ వేస్తుంది. మీరు ముందు దాన్ని పలకరించి నంబర్ తెలుసుకుంటారు: 100 అనుకుందాం. తర్వాత దాని పేరు పెట్టి ఎదురింటి తలుపు తడతారు. తలుపు తెరిచి ఉంటే ఎదురింటివాళ్ళు "ఉన్నాను" అని పక్కింటికే చెబుతారు. పక్కింటి కంప్యూటర్‌కి ఏమీ తెలియదు, "నేను పిలవలేదే" అని ఆర్ఎస్‌టీ పంపుతుంది. దాని నంబర్ 101. ఇప్పుడు మీరు మళ్ళీ పలకరిస్తే 102 వస్తుంది. తలుపు మూసి ఉంటే 101 వస్తుంది. ఎదురింటివాళ్ళ లాగ్‌లో పేరు మాత్రం పాపం పక్కింటివాళ్ళది. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత కొంచెం భయం వేసింది. తట్టడం అమాయకమైన పని అయితే వేరేవాళ్ళ పేరు ఎందుకు పెట్టాలి?

ఇప్పుడు అసలు కేసు. ఇది మా పక్క కౌంటీలోనే జరిగింది. మేముండేది ఫోర్సైత్ కౌంటీ. హైవే 20 మీద పడమటికి వెళ్తే కాంటన్ వస్తుంది, చెరోకీ కౌంటీకి అదే ముఖ్య పట్టణం. మన తెలుగువాళ్ళు ఈ వైపు వేలల్లో ఉన్నారు, కానీ ఈ కేసు గురించి తెలిసినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

1999 డిసెంబరు. స్కాట్ మౌల్టన్ అనే కన్సల్టెంట్ చెరోకీ కౌంటీ 911 ఎమర్జెన్సీ సెంటర్ కంప్యూటర్లు చూసుకుంటున్నారు. కాంటన్ పోలీసు శాఖ నెట్‌వర్క్‌ని ఆ సెంటర్‌కి కలపాలి. అలా కలిపితే 911కి ఏమైనా ప్రమాదమా అని ఆయనకి అనుమానం. స్కాన్ నడిపారు. ఆ స్కాన్‌లో కౌంటీ వెబ్ సర్వర్ కూడా పడింది. దాన్ని చూసుకునేది వీసీత్రీ అనే వేరే కంపెనీ. వాళ్ళు చూసి, ఏమిటిదని ఈమెయిల్ పెట్టారు. ఆయన ఫలానా పని మీద చేస్తున్నానని చెప్పి స్కాన్ ఆపేశారు. సాధారణంగా ఇక్కడితో అయిపోవాలి. అవలేదు. విషయం పోలీసుల దాకా వెళ్ళింది. కొన్ని వారాల తర్వాత ఆయన్ని అరెస్టు చేశారు. 911 సెంటర్ పని కూడా పోయింది.

క్రిమినల్ కేసు ఒకవైపు ఉండగానే సివిల్ కోర్టులో రెండు పక్షాలూ ఒకరి మీద ఒకరు దావా వేసుకున్నారు. 2000 నవంబరులో అట్లాంటా ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చింది. ఆ స్కాన్ వల్ల నెట్‌వర్క్ పాడవలేదు, ఆగలేదు, ఏ సమాచారమూ పోలేదు. స్కాన్ గురించి విచారించడానికి కంపెనీ పెట్టిన సమయాన్ని ఆ చట్టంలో చెప్పిన నష్టంగా లెక్కించలేమని కోర్టు అంది. అంటే తట్టినందుకు తలుపు విరగలేదు కదా అని. మౌల్టన్ గెలిచారు. కానీ లాయర్ల ఖర్చు ఆరంకెలకి చేరింది. లాయర్లకి టెక్నికల్ విషయాలు చెప్పీ చెప్పీ ఆయనకి కోర్టు పని అలవాటైందేమో, తర్వాత కంప్యూటర్ ఫోరెన్సిక్స్ కంపెనీ పెట్టి బాగానే నడిపారు.

చాలామంది ఈ తీర్పుని "అమెరికాలో పోర్ట్ స్కాన్ చేయొచ్చు" అని చెబుతారు. నాకు అలా అనిపించదు. కోర్టు నష్టం లేదంది. మంచి పని అనలేదు, ఎవరైనా ఎవరి మీదైనా చేసుకోవచ్చనీ అనలేదు. ఇంకో సంగతి: ఆయన స్కాన్ చేసింది తన పనికి సంబంధించిన చోట, ఈమెయిల్ వచ్చినప్పుడు తన పేరుతో జవాబు ఇచ్చారు. పక్కింటివాళ్ళ పేరు పెట్టలేదు. దీనికి చట్టంలో ఎంత విలువ ఉందో గానీ, నా లెక్కలో చాలా ఉంది.

ఇదే ప్రశ్నకి ఫిన్లాండ్‌లో వేరే జవాబు వచ్చింది. 1998లో 17 ఏళ్ళ కుర్రాడు ఒక బ్యాంకు నెట్‌వర్క్‌ని స్కాన్ చేశాడు. లోపలికి వెళ్ళలేదు. 2003లో ఆ దేశ సుప్రీంకోర్టు దాన్ని చొరబాటు ప్రయత్నం కింద లెక్కవేసి శిక్షించింది. తలుపులు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళేవాడు లోపలికి రావడానికే చూస్తున్నాడని ఆ కోర్టు అనుకుంది. జార్జియా కోర్టు తలుపుకి ఏమైందో చూసింది, ఫిన్లాండ్ కోర్టు మనిషి మనసులో ఏముందో చూసింది. కుర్రాడికి బ్యాంకు తలుపులతో పనేమిటి అని అడిగితే నాకూ జవాబు లేదు. కానీ తోయకముందే తోసినట్టు శిక్ష వేస్తే, కుతూహలంతో నేర్చుకునే నా వయసు వాళ్ళు ఎక్కడ నేర్చుకోవాలి? అందుకే ఇప్పుడు కాలేజీల్లో సొంత ల్యాబ్ నెట్‌వర్క్ కట్టి ఇస్తున్నారు.

2003లోనే మేట్రిక్స్ రీలోడెడ్ వచ్చింది. ట్రినిటీ నల్ల తెర మీద నిజమైన ఎన్‌మ్యాప్ నడుపుతుంది. 10.2.2.2 అనే చిరునామాలో 22వ పోర్టు తెరిచి ఉందని కనిపిస్తుంది. అవును, యులొనెన్ అడిగి తీసుకున్న ఆ 22. అక్కడి నుంచి పాత ఎస్ఎస్‌హెచ్‌లో 2001లో దొరికిన నిజమైన లోపాన్ని వాడి లోపలికి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చేస్తుంది. సినిమాల్లో హ్యాకింగ్ అంటే పచ్చ బొమ్మలు తిరగడమే కదా, ఇది నిజం కావడంతో మా లాంటి వాళ్ళకి పండగే. కావాలంటే ఆ సీన్ నెమ్మదిగా ఆపి చూడండి: ఎన్‌మ్యాప్ పని అయిపోయాక తోయడానికి ఆమె ఇంకో ప్రోగ్రామ్ మొదలుపెడుతుంది. రెండు కమాండ్లు, రెండు పనులు.

2007లో జర్మనీ ఒక చట్టం చేసింది. నేరానికి పనికొచ్చే ప్రోగ్రామ్ రాయడం, పంచడం కూడా నేరమే అని. సెక్యూరిటీ పనివాళ్ళు కంగారుపడ్డారు, కొందరు తమ టూల్స్ సైట్ల నుంచి తీసేశారు. 2009లో అక్కడి రాజ్యాంగ కోర్టు, రెండు రకాలుగానూ వాడగలిగే టూల్స్‌కి ఇది వర్తించదని వివరణ ఇచ్చాక కొంచెం ఊపిరి పీల్చుకున్నారు. కత్తిపీట ఇంట్లో ఉన్నంత మాత్రాన నేరం కాదు అన్నట్టు.

తర్వాత వచ్చిన మార్పు చట్టంలో కాదు, వేగంలో. 2012లో పేరు చెప్పని ఒకరు ఇంటర్నెట్ మొత్తాన్ని స్కాన్ చేశారు. ఎలా? పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన సుమారు 4,20,000 రౌటర్లు, చిన్న పరికరాల్లోకి దూరి, వాటి చేత తట్టించారు. 2013లో ఫలితాలు అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. దాన్ని కర్నా బాట్‌నెట్ అంటారు. (మన కర్ణుడు కాదు, రోమన్ల దేవత.) ఫలితాలు ఎంతో ఉపయోగం. పద్ధతి మాత్రం దొంగతనమే. నాలుగు లక్షల ఇళ్ళ తలుపులు తోసి లోపలికి వెళ్ళి, అక్కడి కిటికీలోంచి వీధి ఫొటో తీసి "ఇదిగో మ్యాప్" అన్నట్టు ఉంది.

అదే 2013 ఆగస్టులో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు ఎవరి ఇంట్లోకీ దూరకుండా ఆ పని చేసి చూపించారు. వాళ్ళ ప్రోగ్రామ్ జీమ్యాప్. ఒక్క కంప్యూటర్, గిగాబిట్ కనెక్షన్. పాత పద్ధతి చిరునామాలన్నిటిలో ఒక పోర్టు తట్టడానికి 45 నిమిషాల లోపే. రహస్యం ఏమిటంటే జీమ్యాప్ ఎవరి తలుపు తట్టిందో గుర్తుపెట్టుకోదు. తడుతూ పోతుంది, జవాబులు వస్తే రాసుకుంటుంది. వరసగా కాకుండా కలగాపులగంగా తడుతుంది, ఒకే వీధి మీద భారం పడకుండా. వాళ్ళు కొన్ని మర్యాదలు కూడా రాశారు: స్కాన్ చేసే కంప్యూటర్ మీదే మేమెవరం, ఎందుకు తడుతున్నాం అని ఒక పేజీ పెట్టండి. వద్దన్నవాళ్ళని జాబితా నుంచి తీసేయండి. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఏ సర్వర్లు ఇంకా బాగుచేసుకోలేదో లెక్కపెట్టడానికి ఈ జీమ్యాపే పనికొచ్చింది.

2016లో మిరాయ్ వచ్చింది. అదీ అంతే వేగంగా తట్టింది, 23, 2323 పోర్టులు. కానీ తలుపు పలకగానే ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు అరవైకి పైగా ఒక్కొక్కటీ పెట్టి తోసింది. కెమెరాలు, రౌటర్లు సైన్యంలో చేరిపోయాయి. అక్టోబరు 21న డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి రాలేదు.

ఇండియాలో సంగతి కూడా చెప్పాలి, మనలో చాలామందికి అక్కడ పనిచేసే అన్నయ్యలు, అక్కయ్యలు ఉన్నారు కదా. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కంప్యూటర్ యజమాని అనుమతి లేకుండా చేసే పనుల గురించి చెబుతుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ కొత్త ఆదేశాలు ఇచ్చింది: కొన్ని రకాల సంఘటనలు తెలిసిన 6 గంటల్లో తమకి చెప్పాలి. ఆ జాబితాలో మొదటిదే ముఖ్యమైన నెట్‌వర్కుల మీద గురిపెట్టి చేసే స్కానింగ్. హైదరాబాదులో మా పెద్దనాన్న కొడుకు రాత్రి షిఫ్టులో ఇలాంటి లాగ్స్ చూసే ఉద్యోగమే చేస్తాడు. "అన్నయ్యా, రోజుకి ఎన్ని స్కాన్లు వస్తాయి?" అని అడిగితే నవ్వాడు. "వానాకాలంలో ఎన్ని చినుకులు పడ్డాయని లెక్కపెడతామా రా? ఏ చినుకు మన ఇంటి కప్పు మీదే మళ్ళీ మళ్ళీ పడుతోందో అదొక్కటే చూస్తాం" అన్నాడు. ఆ ఆదేశంలో "గురిపెట్టి" అనే మాట ఎందుకు ఉందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఐపీవీ6 వస్తోంది. పాత పద్ధతిలో చిరునామాలు సుమారు 430 కోట్లు. కొత్త పద్ధతిలో ఒక్క ఇంటికి మామూలుగా ఇచ్చే భాగంలోనే, రెండుని 64 సార్లు హెచ్చవేస్తే వచ్చేన్ని చిరునామాలు ఉంటాయి. జీమ్యాప్ వేగం సెకనుకి సుమారు 14 లక్షల ప్యాకెట్లు. నేను లెక్క వేశాను: ఒక్క ఇంట్లో ఒక్క పోర్టు నంబర్ కోసం అన్ని చిరునామాలూ తట్టడానికి నాలుగు లక్షల ఏళ్ళ పైనే పడుతుంది. కాబట్టి గుడ్డిగా తట్టే కాలం అక్కడ చెల్లదు. స్కాన్ చేసేవాళ్ళు ముందు డీఎన్ఎస్ పేర్లు, సర్టిఫికెట్ జాబితాలు వెతికి, ఎవరు ఎక్కడ ఉంటారో కనుక్కుని, ఆ తర్వాత పేరు పెట్టి పిలుస్తున్నారు.